ముందు చుట్టరికాలు, తర్వాత లెక్కలు: ఒక ఫుట్‌బాల్ కోచ్, ఒక దాత, చెరువు పక్క ప్లాట్లు (కేస్ స్టడీ)

అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఇంటర్నల్ ఆడిట్ విభాగంలో ఉండగా నేను చూసిన కేసు ఇది. రాష్ట్రం పేరు, ఏడాది, మొత్తాలు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. కాలేజీ ఆటగాళ్ళకి తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకునే వీలు 2021 జూలైలో వచ్చింది. ఈ సంగతి అంతకు ముందుది. ఆ తేడా ఎందుకు ముఖ్యమో చివర్లో తెలుస్తుంది.

నేపథ్యం

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా శనివారం వచ్చిందంటే ఊరంతా స్టేడియంలోనే ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునే వాళ్ళందరిలో ఎక్కువ జీతం ఫుట్‌బాల్ కోచ్‌దే. గవర్నరు జీతం ఆ దరిదాపుల్లో కూడా ఉండదు.

జట్టుకి డబ్బిచ్చే అభిమానిని బూస్టర్ అంటారు. మన ఊళ్ళో గుడి ఉత్సవాలకి పెద్ద చందా రాసే ఆసామిని తలుచుకుంటే చాలు. ఆయన భక్తితోనే ఇస్తాడు, అందులో అనుమానం లేదు. కాకపోతే రథం ఏ వీధిలోంచి వెళ్ళాలన్నది కూడా ఆయన్ని అడిగాకే తేలుతుంది. క్లెమ్సన్ యూనివర్సిటీలో 1934లో పెట్టిన బూస్టర్ క్లబ్బు పేరుకి అర్థమే 'ఏడాదికి పది డాలర్లు ఇస్తాను' అని. పదేసి డాలర్లతో మొదలైన ఆ సంప్రదాయం ఎంత దూరం వచ్చిందంటే, 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది ఏడున్నర కోట్ల డాలర్ల పైచిలుకు.

ఈ డబ్బు మీద ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలకి నియమాలు పెట్టే జాతీయ సంస్థ) నియమాల్లో రెండు గుర్తుంచుకుంటే ఈ కేసు అర్థమవుతుంది. కోచ్‌గా ఉన్నందువల్ల బయటినుంచి ఏడాదికి 600 డాలర్లు మించి ఏది అందినా యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. సమ్మర్ క్యాంపులు, టీవీ షో, బూట్ల కంపెనీ ఒప్పందం, క్లబ్ సభ్యత్వం, ఇంటి విషయంలో దొరికే రాయితీ, అన్నీ దీని కిందికే వస్తాయి. ఇక రెండోది, బయటివాళ్ళు కోచ్ జీతానికి తమ జేబులోంచి కలపకూడదు. దాత యూనివర్సిటీకి ఇవ్వొచ్చు. దాన్ని జీతానికి వాడాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం. 'ఇది ఫలానా కోచ్‌కి' అని చెప్పి ఇవ్వడానికి మాత్రం లేదు. చాంపియన్‌షిప్ లాంటి ప్రత్యేకమైన విజయానికి బహుమతి ఇవ్వడానికి వేరే వెసులుబాటు ఉంది.

బూస్టర్ల డబ్బు కోచ్‌కి చేరడమే తప్పు అనుకుంటే పొరపాటు. అలబామాలో 2013లో బూస్టర్ల ఫౌండేషన్ కోచ్ నిక్ సేబన్ ఇంటిని 31 లక్షల డాలర్లకి కొని, ఆయన్ని అందులోనే ఉండనిచ్చింది. నచ్చినా నచ్చకపోయినా ఆ లావాదేవీ అందరికీ తెలిసిందే, దాని మీద చర్చ కూడా జరిగింది. నా కేసులో డబ్బు ఎవరికీ కనపడని దారిలో నడిచింది.

మా కోచ్ కాంట్రాక్టులో మూల వేతనం ఓ మోస్తరు. అసలు ఆదాయం మీడియా హక్కుల నుంచీ, బూస్టర్ల ఫౌండేషన్ నుంచీ వచ్చేది. ఆ ఫౌండేషన్ చట్టప్రకారం యూనివర్సిటీకి సంబంధం లేని స్వచ్ఛంద సంస్థ. దానికి వేరే బోర్డు, వేరే ఆడిటరు. మా రాష్ట్ర సమాచార హక్కు చట్టం దానికి వర్తించదని వాళ్ళ వాదన.

సమస్య ఎలా కనపడింది

ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఏటా వేసవిలో కోచ్ సొంత కంపెనీ (ఎల్ఎల్‌సీ) మా మైదానాల్లో పిల్లలకి క్యాంపు నడుపుతుంది. అది మామూలే, అనుమతి కూడా ఉంది. మైదానం అద్దె ఫైలు నేను రొటీన్‌గా చూస్తున్నాను. అందులో ఒక పేజీ బీమా సర్టిఫికెట్. బీమా చేయించుకున్నది కోచ్ ఎల్ఎల్‌సీ. దాని కింద చిరునామా 'సూట్ 210'. ఆ సూట్ నంబరు నేను అంతకు ముందు వారమే ఇంకో ఫైల్లో చూశాను. కొత్త ఇండోర్ ప్రాక్టీస్ హాలు కట్టడానికి టెండరు వేసిన బిల్డర్ల జాబితాలో ఒకరి ఆఫీసు అది.

ఆ బిల్డరు మాకు తెలియని మనిషేం కాదు. స్టేడియంలో పెద్ద దాతలు డబ్బు కట్టి ఆట చూసే గాజు గదుల్లో ఒకటి ఆయనది, ఫౌండేషన్ బోర్డులో సభ్యుడు. ప్రాక్టీస్ హాలు కాంట్రాక్టరుని ఎంపిక చేసే కమిటీలో మా కోచ్ ఉన్నాడు.

ఒకే చిరునామా ఉన్నంత మాత్రాన నేరం రుజువైపోదు. స్నేహితుడి ఆఫీసు చిరునామా వాడుకునే వాళ్ళు ఇక్కడ కోకొల్లలు. అందుకే ఆ రోజు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకున్నాను: 'ఇద్దరికీ మధ్య ఏముందో కోచ్ ఎక్కడైనా చెప్పాడా?' కోచ్‌లు బయటి ఆదాయం రాసిచ్చే పాత డిస్‌క్లోజర్ ఫారాలు తీశాను. క్యాంపు, టీవీ షో, బూట్లు, డీలరు ఇచ్చిన కారు, గోల్ఫ్ క్లబ్బు, అన్నీ ఉన్నాయి. బిల్డరు పేరు ఎక్కడా లేదు.

మొదట చేసింది, ఎందుకు పనిచేయలేదు

నేను, క్రీడా నియమాల అమలు చూసే కంప్లయెన్స్ ఆఫీసరు కూర్చుని ఫారాన్ని మళ్ళీ రాశాం. ప్రశ్నలు పెంచాం, ఉదాహరణలు చేర్చాం, కోచ్‌లందరికీ పంపాం. ఒక్క కోచ్‌నే అడిగితే వేలెత్తి చూపినట్టవుతుంది, అందర్నీ అడిగితే ఆయనే స్వయంగా చెప్పే అవకాశం ఇచ్చినట్టవుతుందని మా ఆలోచన. అప్పటికి అది సరైన ఆలోచనే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఫారాలు తిరిగొచ్చాయి. పదకొండూ ఒకే నీలం ఇంకుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. ఫుట్‌బాల్ ఆఫీసు నిర్వహణ చూసే ఆయన పాత ఏడాది ఫారాలు ముందు పెట్టుకుని నింపి, సంతకం చేయాల్సిన చోట పసుపు చీటీ అంటించి పంపించాడు. నిరుడు గోల్ఫ్ క్లబ్బు పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఈసారీ అదే తప్పు. ఆగస్టు ప్రాక్టీసుల్లో రాత్రి పదకొండింటికి ఇంటికెళ్ళే మనిషి ఆ కాగితం చదివి ఉంటాడని నేను అనుకోను. ఫారం ఎంత బాగా రాస్తే అంత పొడుగవుతుంది, పొడుగైన కొద్దీ ఇంకెవరో నింపుతారు. ఇది నాకు అప్పుడు తట్టలేదు.

తర్వాత ఫౌండేషన్‌ని వాళ్ళ లెడ్జర్లు చూపించమని అడిగాం. రెండు లైన్ల జవాబొచ్చింది. దాతల వివరాలు గోప్యం, మాది వేరే సంస్థ అని.

అప్పుడు నేను తొందరపడ్డాను. కోచ్‌ని అధికారికంగా పిలవమని పట్టుబట్టాను. బల్లకి ఇటువైపు ఐదుగురం: మా డైరెక్టరు, నేను, కంప్లయెన్స్, యూనివర్సిటీ లాయరు, హెచ్ఆర్. అటువైపు కోచ్ ఒక్కడే, చేతిలో మంచినీళ్ళ సీసా. నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఆ బిల్డరు దగ్గర మీరు డబ్బు తీసుకున్నారా?"

"ఒక్క డాలరు కూడా తీసుకోలేదు," అన్నాడాయన, నా కళ్ళలోకి చూస్తూ.

అది నిజమే. ఎలా నిజమో తర్వాత తెలిసింది. తప్పంతా నా ప్రశ్నలో ఉంది. 'డబ్బు', 'తీసుకున్నారా' అనే రెండు మాటలూ ఆయనకి తప్పించుకునే దారి చూపించాయి. ఆ మీటింగ్ తర్వాత ఆయన తరఫున మాట్లాడేది ఆయన ఏజెంటే. యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతి అయిన అథ్లెటిక్ డైరెక్టరు ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసి, సీజన్ ముందు జట్టుని టెన్షన్ పెడుతున్నారని చెప్పాడు. రెండు వారాలు ఆగమని మా డైరెక్టరు నాతో అన్నాడు. ఆయన మీద నాకు కోపమేం లేదు. ఆ సమయంలో మా చేతిలో ఉన్నది ఒక చిరునామా మాత్రమే.

మా లాయరు జంకడానికి ఇంకో కారణం ఉంది. కోచ్‌లకీ వ్యాపారస్తులకీ మధ్య స్నేహం ఎక్కడ ఆగుతుందో, లాభం ఎక్కడ మొదలవుతుందో కోర్టులో తేల్చడం కష్టం. ఆయన ఓక్లహోమా యూనివర్సిటీ కోచ్ బ్యారీ స్విట్జర్ కేసు గుర్తుచేశాడు. 1981లో ఒక ట్రాక్ మీట్‌లో, ఆయన టీవీ షోకి స్పాన్సరైన కంపెనీ పెద్ద తన భార్యతో మాట్లాడుకుంటుంటే ఒక షేరు సంగతి కోచ్ చెవిన పడింది. ఆయన, ఆయన మిత్రులు ఆ షేర్లు కొని లాభపడ్డారు. మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు వేసింది. 1984లో తీర్పు కోచ్ వైపే వచ్చింది. ఆ మాట అనుకోకుండా చెవిన పడిందని, చెప్పిన పెద్దమనిషి తన లాభం కోసం చెప్పలేదని కోర్టు నమ్మింది. "మీ దగ్గర అంత కూడా లేదు," అన్నాడు లాయరు. అది నిజం.

పనికొచ్చిన దారి

ఆగమన్న రెండు వారాల్లో నాకు విజయవాడలో చేసిన ఆర్టికల్‌షిప్ (సీఏ శిక్షణ) గుర్తొచ్చింది. ఒక రైస్ మిల్లు ఆడిట్‌లో లారీ కిరాయిలు లెక్కపెడుతూ నేను మూడు రోజులు కూర్చున్నాను. నాకు శిక్షణ ఇస్తున్న సీఏ, మా ప్రిన్సిపాల్ గారు వచ్చి నా వర్కింగ్ పేపర్లు పక్కన పెట్టేసి, "లారీలు ఎవరివో తెలుసుకున్నావా? ముందు చుట్టరికాలు రాయి. లెక్కలు ఆ తర్వాత చూద్దాం," అన్నారు. లారీలు మిల్లు యజమాని బావమరిదివి. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 18లో ఉన్నదీ ఇదే: నియంత్రణ ఉన్నచోట, లావాదేవీ జరిగినా జరగకపోయినా సంబంధాన్ని బయటపెట్టాలి. ఎన్‌సీఏఏ ఫారం ఆదాయాన్ని అడుగుతుంది. సంబంధాన్ని ఎవరూ అడగడం లేదు.

పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు కోచ్, అసిస్టెంట్ల పేర్లు రాశాను. కుడివైపు గాజు గదులున్న దాతలు, ఫౌండేషన్ బోర్డు సభ్యులు, ఆట రోజు మైదానం అంచున నిలబడే పాసులున్నవాళ్ళు, మాకు సరుకో పనో అమ్మే వ్యాపారులు. ఆ కాగితం మీద ఒక్క డాలరు అంకె కూడా రాయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. గీతలు మాత్రమే గీయాలి, ప్రతి గీతకీ ఎవరైనా వెళ్ళి చూడగలిగే పబ్లిక్ రికార్డు ఆధారం ఉండాలి. దీనివల్ల రెండు లాభాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత నువ్వు దొంగచాటుగా చూశావని ఎవరూ అనలేరు.

మొదటి రికార్డు రాష్ట్ర ప్రభుత్వం కంపెనీల రిజిస్టరు. కోచ్ ఎల్ఎల్‌సీకి నోటీసులు అందుకునే ఏజెంటు బిల్డరు ఆఫీసులో ఉద్యోగి.

రెండోది యూసీసీ ఫైలింగు. చరాస్తిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే, అప్పిచ్చినవాడు తన హక్కు కాపాడుకోవడానికి రిజిస్టరు చేసే కాగితం అది. చాలామంది ఆడిటర్లు దీన్ని చూడరు. అప్పు తీసుకున్నది కోచ్ ఎల్ఎల్‌సీ, ఇచ్చింది బిల్డరు కంపెనీ. తాకట్టు పెట్టింది ఏమిటా అని చూస్తే, చెరువు పక్కన ప్లాట్లు వేసి అమ్మే బిల్డరు భాగస్వామ్యంలో వాటా. అంటే బిల్డరు వాటా ఇచ్చాడు, దాని ఖరీదూ తనే అప్పుగా ఇచ్చాడు. కోచ్ ఒక్క డాలరు తీసుకోలేదు, ఒక్క డాలరు పెట్టనూ లేదు.

మూడో రికార్డు కోసం కౌంటీ కోర్టు భవనానికి వెళ్ళాను. దస్తావేజుల గదిలో గుమాస్తా ఒకావిడ నడుము పట్టుకుని పై అరలోంచి పుస్తకం దించి ఇచ్చింది. చెరువు పక్క స్థలం అమ్మకం దస్తావేజు. ధర ఉండాల్సిన చోట 'పది డాలర్లు, ఇంకా ఇతర విలువైన ప్రతిఫలం' అని ఉంది. కొత్తవాళ్ళు చూసి కంగారు పడతారు గానీ ఇక్కడ అలా రాయడం పరిపాటి. అసలు ధర తెలియాలంటే మూలనున్న బదిలీ పన్ను ముద్ర చూసి వెనక్కి లెక్కకట్టాలి. కాగితం ముక్క మీద కట్టాను. రెండోసారి కట్టాను. చుట్టుపక్కల అమ్ముడైన స్థలాల ధరలో అది సగం కూడా లేదు. అప్పుడు పైన అమ్మినవాళ్ళ పేరు చదివాను. బూస్టర్ల ఫౌండేషన్.

ఎవరో పూర్వ విద్యార్థి యూనివర్సిటీ మీద ప్రేమతో రాసిచ్చిన భూమి అది. ఫౌండేషన్ దాన్ని తన బోర్డు సభ్యుడి భాగస్వామ్యానికే చవగ్గా అమ్మింది. అందులో ఒక వాటా కోచ్‌కి చేరింది. నేను ఆ గదిలో కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతవరకూ నాకు ఇది ఒక ఫారం నింపని కోచ్ కేసు. అక్కడి నుంచి ఒక దాత నమ్మకం కేసు కూడా అయింది.

నాలుగో రికార్డు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అమెరికాలో స్వచ్ఛంద సంస్థలు పన్ను శాఖకి ఏటా ఇచ్చే ఫారం 990 ఎవరైనా చదవొచ్చు. అందులో షెడ్యూల్ ఎల్ అనేది బోర్డు సభ్యుల్లాంటి సంబంధం ఉన్నవాళ్ళతో చేసిన లావాదేవీలు రాసే చోటు. ఆ ఏడాది ఫౌండేషన్ 990కి అసలు షెడ్యూల్ ఎల్ జతచేయలేదు.

ఎవరి దగ్గరకి వెళ్ళాలి

ఈ నిర్ణయం దగ్గర మేము అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగాం. అథ్లెటిక్ డైరెక్టరు దగ్గరకి వెళ్తే విషయం ఆ సాయంత్రానికే సూట్ 210కి చేరుతుంది. నేరుగా ఎన్‌సీఏఏకి వెళ్తే అది కోచ్ ఒక్కడి మీద కేసవుతుంది, భూమి సంగతి మరుగున పడుతుంది. మా ఆడిట్ చార్టరు ప్రకారం యూనివర్సిటీ బోర్డు ఆడిట్ కమిటీ చైర్మన్‌ని నేరుగా కలిసే హక్కు మా డైరెక్టరుకి ఉంది. ఆయన ఆ హక్కు వాడుకున్నాడు. అందుకు ధైర్యం కావాలి, ఆయన చూపించాడు.

ఫౌండేషన్ తలుపు తెరిపించింది మాత్రం పన్ను చట్టం. స్వచ్ఛంద సంస్థ తన లోపలి మనిషికి ఇవ్వకూడనంత లాభం చేకూరిస్తే, ఆ అదనపు లాభం మీద అతనికి 25 శాతం పన్ను పడుతుంది. సరిదిద్దకపోతే 200 శాతం. తెలిసి ఆమోదించిన నిర్వాహకులకి కూడా ఒక పరిమితికి లోబడి 10 శాతం, అదీ వాళ్ళ సొంత డబ్బుతో. మా లాయరు ఈ సెక్షన్‌ని, దస్తావేజు కాపీని కలిపి ఫౌండేషన్ లాయరుకి పంపాడు. నెలల తరబడి గోప్యత అన్నవాళ్ళు నాలుగో రోజున మీటింగ్ అడిగారు. క్రీడా నియమాలకి భయపడని మనుషులు తమ సొంత జేబు మీద పడే పన్నుకి భయపడ్డారు. ఫౌండేషన్ బోర్డులో మిగతావాళ్ళకి కోచ్ వాటా సంగతి నిజంగానే తెలియదని నా నమ్మకం.

కోచ్‌తో రెండో మాట

ఈసారి లాయరు అనుమతి తీసుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆయన వైపు ఆయన పన్ను లెక్కలు చూసే సీపీఏ. పొద్దున ఆరింటికి, ఆట వీడియోలు చూసే గదిలో. ఆయనకి అనువైన చోటు, అనువైన వేళ. నేరం గురించి అడగలేదు. యూసీసీ కాగితం బల్ల మీద పెట్టి, "ఈ ఏర్పాటు ఎలా మొదలైందో చెప్తారా?" అన్నాను.

ఆయన చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కిందట వేరే యూనివర్సిటీ ఎక్కువ జీతంతో పిలిచింది. వెళ్ళిపోతాడని ఊళ్ళో పుకారు పుట్టింది. బిల్డరు ఇంటికొచ్చి, "మీ అమ్మాయి ఇక్కడే హైస్కూలు పూర్తి చెయ్యాలి. ఇక్కడే ఉండండి, మిమ్మల్ని మేము చూసుకుంటాం," అన్నాడట. "నాకది జీతంలా అనిపించలేదు. ఆయన నాకు అన్నలాంటివాడు," అన్నాడు కోచ్. ఆ మాట అబద్ధమని నేను అనుకోను. సీపీఏ బ్యాగులోంచి భాగస్వామ్య ఒప్పందం తీసి ఇచ్చాడు.

అప్పటిదాకా మా లాయర్లిద్దరి మధ్య ఒక వాదన నడుస్తోంది. భూమిలో పెట్టుబడి పెట్టుకునే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది, దీనికీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం అని ఒకరు. డబ్బు పెట్టకుండా వాటా ఇంకెవరికి ఇస్తారు అని ఇంకొకరు. నేను పెట్టుకున్న పరీక్ష వేరు: రేపు ఈయన కోచ్ కాకపోతే ఈ ఏర్పాటు ఉంటుందా? ఒప్పందం తొమ్మిదో పేజీలో జవాబు దొరికింది. హెడ్ కోచ్ పదవిలో లేకుండా పోయిన రోజున వాటా ఏ పరిహారమూ లేకుండా భాగస్వామ్యానికి తిరిగి పోతుందని అక్కడ రాసుంది. రాసినవాళ్ళు తమ పెట్టుబడిని కాపాడుకోవాలనుకున్నారు. ఆ ఒక్క వాక్యంతో ఇది ఉద్యోగానికి కట్టిన ముడి అని, బయటివాళ్ళు కలిపిన జీతమని తేలిపోయింది.

ఆ గదిలో ఇంకొకటి కూడా జరిగింది. నేను లేచి వస్తుంటే కోచ్ అడిగాడు, "నా అసిస్టెంట్లని కూడా అడుగుతారా?" అడుగుతామన్నాను. "అయితే వాళ్ళకి నేనే ముందు చెప్తాను," అన్నాడు. ఆ వారంలో ముగ్గురు అసిస్టెంట్లు తమంతట తామే వచ్చారు. ఒకరు బూస్టరు ఇంట్లో సగం అద్దెకి ఉంటున్నారు. ఒకరి భార్యకి బూస్టరు కంపెనీలో ఉద్యోగం. ఇంకొకరికి పిల్లాడి ఆపరేషన్ అప్పుడు ఒక దాత చేబదులు ఇచ్చాడు. ఆ మూడోది చెప్తూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది సాయమే, ఎవరూ కాదనరు. అయినా అది ఎక్కడో ఒకచోట రాసుండాల్సింది.

ఏం తేలింది

బిల్డరు, భూమి చవగ్గా దక్కినందుకు తేడా మొత్తాన్ని వడ్డీతో ఫౌండేషన్‌కి కట్టి బోర్డు నుంచి తప్పుకున్నాడు. ఫౌండేషన్ తన పన్ను ఫారాన్ని సవరించి దాఖలు చేసింది. కోచ్ వాటా రద్దయింది, ఎంపిక కమిటీ నుంచి ఆయన బయటికొచ్చాడు. ప్రాక్టీస్ హాలు టెండరు మళ్ళీ పిలిచారు, వేరే కంపెనీకి దక్కింది. ఎన్‌సీఏఏకి మేమే రిపోర్టు చేశాం. యూనివర్సిటీ కోచ్ జీతంలో కోత వేసి, ఆయన ఫైల్లో హెచ్చరిక లేఖ పెట్టింది. రెండు సీజన్ల తర్వాత ఆయన వేరే చోటుకి వెళ్ళాడు. బిల్డరు గాజు గది మాత్రం స్టేడియంలో అలాగే ఉంది. డబ్బు కట్టినంత కాలం అది ఆయనదే, నియమాల ప్రకారం దానికి అడ్డు లేదు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. అదే రోజుల్లో ఆటగాళ్ళకి వర్తించిన నియమాలు చూడండి. 2010లో జార్జియా ఆటగాడు ఏ.జే. గ్రీన్ తన సొంత జెర్సీని వెయ్యి డాలర్లకి అమ్ముకున్నందుకు నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. ఒహాయో స్టేట్‌లో ఐదుగురు ఆటగాళ్ళని రాయితీకి పచ్చబొట్లు వేయించుకున్నందుకు, తమ బహుమతులు అమ్ముకున్నందుకు 2011లో ఐదేసి మ్యాచ్‌లు పక్కన పెట్టారు. మా క్యాంపస్‌లోనే ఒక కుర్రాడు బూస్టరు కొనిచ్చిన భోజనం ఖరీదు తిరిగి కట్టిన రసీదు నేను చూశాను. ఇరవై ఏళ్ళలోపు పిల్లాడు తన అన్నం లెక్క చెప్పి డబ్బు కట్టాడు. అతని కోచ్ చెరువు పక్క ప్లాట్లని ఆదాయం అనుకోలేదు. ఈ కేసు మీద నేను అంతసేపు కూర్చోవడానికి ఆ రసీదు కూడా ఒక కారణం.

ఈ పని చేసేవాళ్ళకి

మళ్ళీ ఇలాంటి కేసు వస్తే మొదటి వారంలోనే చుట్టరికాల కాగితం గీస్తాను. ఎవరితోనైనా మాట్లాడటం ఆ తర్వాతే. 'డబ్బు తీసుకున్నారా' అనే ప్రశ్న అసలు అడగను. వాటా, అప్పు, అద్దె, ఉద్యోగం, హామీ, వీటిలో ఏదీ మనిషి మనసులో డబ్బు లెక్కలోకి రాదు. ఐదుగురు కూర్చున్న బల్ల ముందు ఎవరూ నిజం చెప్పరు. చెప్పాలనుకున్నవాళ్ళు కూడా ఆగిపోతారు.

ఏ నియమం బలంగా ఉందో వెతకడం కన్నా, ఎదుటివాళ్ళకి ఏ నియమం సొంతంగా తగులుతుందో చూడటం ఎక్కువ పనిచేసింది. మా కేసులో అది పన్ను. ఇంకోచోట బ్యాంకు అప్పు షరతో, వృత్తి లైసెన్సో కావచ్చు. ఇంకొకటి, దాత మంచి మనసుతో ఇచ్చాడా చెడు మనసుతో ఇచ్చాడా అన్న వాదనలోకి నేను దిగను. మా బిల్డరు జట్టుని ప్రేమించాడు, కోచ్‌ని నిలుపుకోవాలనుకున్నాడు, టెండరూ కావాలనుకున్నాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవు. ఆడిటరు రాయాల్సింది ఏ సంబంధం ఏ నిర్ణయానికి అడ్డొచ్చిందన్నదే.

ఫారాన్ని మాత్రం మళ్ళీ మార్చాం. ఇప్పుడు ఒక్క పేజీ. ఆదాయం గురించి చివర్లో ఉంటుంది. మొదటి ప్రశ్న ఇది: 'మీరు గానీ మీ ఇంట్లోవాళ్ళు గానీ ఈ జాబితాలోని ఎవరితోనైనా ఇల్లు, అప్పు, వ్యాపారం, ఉద్యోగం విషయంలో కలిసి ఉన్నారా?' దాతల జాబితా ఫారానికే జతచేస్తాం. కోచ్ తన చేతిరాతతో నింపాలి, నా ఎదురుగా, పది నిమిషాల్లో.

మరుసటి ఆగస్టులో కొత్తగా చేరిన అసిస్టెంటు ఒకడు ఫారం పట్టుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. పెన్ను పట్టుకుని జాబితా మీద వేలు నడిపిస్తూ ఒకచోట ఆగాడు. "మా ఇంటి ఓనరు పేరు ఇక్కడుంది. కానీ నేను అద్దె పూర్తిగా కడుతున్నాను. అయినా రాయాలా?"

"రాయండి," అన్నాను. "అద్దె పూర్తిగా కడుతున్నానని కూడా రాయండి."

రెండు లైన్లు రాసి, సంతకం చేసి, ప్రాక్టీసుకి వేళయిందని పరుగెత్తాడు.